కారణాంకాల లెక్కలో తట్టడం లేదు, వెతకడం ఉంది

అమ్మా, చదివే మిగతావాళ్ల కోసం మీ ప్రశ్నను రెండు ముక్కల్లో మళ్లీ చెబుతాను. మీ అబ్బాయి పదో తరగతి. వర్గ సమీకరణాన్ని ఫార్ములాతో అయితే చేసేస్తున్నాడు. ‘కారణాంక పద్ధతిలో సాధించండి’ అని ఇస్తే మాత్రం పెన్ను పట్టుకుని కూర్చుండిపోతున్నాడు. ‘ఆ రెండు సంఖ్యలు మా సార్‌కి తడతాయి, నాకు తట్టవు’ అంటున్నాడు. మీరు ఇంటర్లో లెక్కలు చదివారు గానీ మర్చిపోయారు. పక్కన కూర్చుని చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

చిక్కంతా ఆ ‘తట్టడం’ అన్న మాటలోనే ఉంది. పాతికేళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. బాగా చదివే పిల్లలు కూడా ఇదేదో అదృష్టం మీద నడిచే వ్యవహారం అనుకుని, ఫార్ములా వచ్చాక దీన్ని వదిలేయడం ఏటా చూస్తాను. నిజానికి ఇందులో తట్టాల్సిందేమీ లేదు. వరసగా వెతకాలి, ఎక్కడ ఆపాలో తెలియాలి, అంతే. అయితే ఆ వెతుకులాట కంటే ముందు వాడికి ఇంకొకటి తెలియాలి. కారణాంకాలు చేస్తే అసలు జవాబు ఎందుకు వస్తుందో తెలియాలి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మీ అబ్బాయి పుస్తకంలో ఎక్స్ ఉన్నచోట నేను ‘య’ అని రాస్తాను. ఇది నేను కల్పించింది కాదు. తెలియని రాశిని భాస్కరాచార్యుడు ‘యావత్తావత్’ అన్నాడు, అంటే ‘ఎంతో అంత’ అని. దాన్నే పొట్టిగా ‘యా’ అని రాసేవారు.

ఇప్పుడు వాణ్ని ఇలా అడగండి: ‘రెండు సంఖ్యలు గుణిస్తే 12 వచ్చింది. అవేమిటి?’ చెప్పలేడు. 3, 4 కావచ్చు, 2, 6 కావచ్చు, 24, అర కూడా కావచ్చు. తర్వాత ఇలా అడగండి: ‘రెండు సంఖ్యలు గుణిస్తే సున్నా వచ్చింది. అవేమిటి?’ పూర్తిగా చెప్పలేకపోయినా, రెంటిలో ఒకటైనా సున్నా అయి తీరాలని మాత్రం వాడే చెబుతాడు. ఈ గుణం సున్నాకు తప్ప మరే సంఖ్యకూ లేదు. పద్ధతి మొత్తం నిలబడింది దీనిమీదే. (య − 2)(య − 3) = 0 అని ఉంటే, మొదటి బ్రాకెట్టు సున్నా కావాలి, లేదా రెండోది సున్నా కావాలి. మొదటిది సున్నా అయితే య = 2, రెండోది సున్నా అయితే య = 3. ఒక వర్గ సమీకరణాన్ని రెండు చిన్న సమీకరణాలుగా విరగ్గొట్టాం. విరిగింది కుడివైపు సున్నా ఉండబట్టే.

ఇది చెప్పకుండా ‘మధ్య పదాన్ని విడగొట్టు, ఉమ్మడిగా తీయి’ అంటూ పోతే ఏమవుతుందో ఒక నోట్సు పేజీ చూపిస్తాను. పోయిన ఏడాది ఒక అబ్బాయికి య² − 5య = 6 ఇచ్చాను. వాడు రాసింది ఇది:

య(య − 5) = 6
య = 6 లేదా య − 5 = 6
య = 6, 11

తప్పు అనబోయేలోపే ‘సార్, 6 వేసి చూశాను, సరిపోయింది’ అన్నాడు. నిజంగానే సరిపోతుంది. 6ని 1తో గుణిస్తే 6. ఆ ఒక్కటి సరిపోవడం వల్ల తన దారి తప్పని వాడు ఒక పట్టాన ఒప్పుకోలేదు. 11 కూడా వేసి చూడమన్నాను. 11ని 6తో గుణిస్తే 66 వచ్చింది. అప్పుడు నెమ్మదిగా 6ని ఎడమవైపుకు తెచ్చాడు. య² − 5య − 6 = 0 అయింది. (య − 6)(య + 1) = 0. జవాబులు 6, −1. మొదటి దారిలో దొరికిన 6 ఒట్టి కాకతాళీయం. దొరకని −1 మాత్రం పూర్తిగా పోయింది.

మీ అబ్బాయికి ఈ పరీక్ష పెట్టండి: (య − 2)(య − 3) = 12. కారణాంకాలు ముందే రెడీగా ఉన్నాయి కదా అని య − 2 = 12 అని రాశాడంటే, వాడికి సున్నా సంగతి ఇంకా ఎక్కలేదన్నమాట. బ్రాకెట్లు విప్పి 12ని ఇవతలికి తెస్తే మళ్లీ అదే య² − 5య − 6 = 0 వస్తుంది. చేయించి చూడండి, పిల్లలకు ఇది ఎంతో నచ్చుతుంది.

అన్నీ ఒకవైపు తెచ్చి, లబ్ధంగా మార్చి, సున్నాకు సమానం చేసే ఈ పద్ధతి యూరప్‌లో అచ్చయిన పుస్తకంలోకి వచ్చింది 1631లో. ఇంగ్లండ్‌కు చెందిన థామస్ హారియట్ రాసుకున్న కాగితాల్లోంచి, ఆయన పోయిన పదేళ్లకు దాన్ని వేశారు. వర్గ సమీకరణాలు సాధించడం మన దేశంలో అంతకు వెయ్యేళ్ల ముందే బ్రహ్మగుప్తుడి కాలానికే తెలుసు. కానీ ఆ దారి వేరు, దాని సంగతి తర్వాత చెబుతాను. పిల్లలు ఒక్క పీరియడ్‌లో మింగేయాలని మనం అనుకునే ఈ మెట్టు అంత ఆలస్యంగా పుస్తకాల్లోకి ఎక్కింది. అందుకే ఒకటికి రెండు రోజులు దీనిమీదే ఉన్నా తొందరపడకండి.

ఇక రెండు సంఖ్యలు వెతకడం. య² − 13య + 36 = 0 తీసుకుందాం. లబ్ధం 36, మొత్తం 13 కావాలి. ముందు గుర్తులు తేల్చుకోవాలి. చివరి పదం ధనం అయితే రెండు సంఖ్యలకూ ఒకే గుర్తు, అది మధ్య పదం గుర్తే. చివరి పదం రుణం అయితే చెరొక గుర్తు, పెద్దదానికి మధ్య పదం గుర్తు వస్తుంది. ఇక్కడ 36 ధనం, మధ్యలో మైనస్, కాబట్టి రెండూ మైనస్సే. గుర్తులు తేలాయి కాబట్టి ఇక వాటిని పక్కనపెట్టి ఒట్టి అంకెలతో వెతకొచ్చు. గుర్తులు, అంకెలు రెండూ ఒకేసారి పట్టుకోబోయే పిల్లలే ఎక్కువగా తడబడతారు.

36ను ఒకటి నుంచి వరసగా విడగొట్టి, పక్కన మొత్తాలు రాయమనండి. 1, 36 అయితే 37. 2, 18 అయితే 20. 3, 12 అయితే 15. 4, 9 అయితే 13. దొరికింది. ఇంకొంచెం ముందుకెళ్తే 6, 6 దగ్గర 12 వస్తుంది, అక్కడితో జతలు అయిపోతాయి. ఆ మొత్తాలను ఒకసారి చూడండి: 37, 20, 15, 13, 12. తగ్గుతూనే వస్తున్నాయి. రెండు సంఖ్యలూ ఒకదానికొకటి దగ్గరయ్యే కొద్దీ మొత్తం తగ్గుతుంది, మళ్లీ పెరగదు. అంటే మనకు 14 కావాలనుకుంటే, 15 తర్వాత 13 వచ్చేసింది కాబట్టి 14 ఇచ్చే జత లేదని అక్కడికక్కడే చెప్పేయొచ్చు. వెతుకులాటకు హద్దు ఉందని వాడికి మొదట తెలియాల్సింది ఇక్కడే. ‘తట్టలేదు’ అనే పిల్లాడు నిజానికి 6, 6 చూసి, 3, 12 చూసి, మళ్లీ 6, 6 దగ్గరికే వచ్చి తిరుగుతుంటాడు. కాగితం మీద వరసగా రాసేవాడు అలా తిరగడు.

చివరి పదం రుణం అయితే మొత్తానికి బదులు తేడా చూడాలి. మిగతాదంతా ఇంతే. తేడాలు కూడా అలాగే తగ్గుతూ వస్తాయి.

ఇక్కడ ఎక్కాలు చాలా పనిచేస్తాయి. ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి వచ్చిన పిల్లాడు 60 అనగానే నాలుగు పదిహేనులు, అయిదు పన్నెండులు చూస్తాడు. కాలిక్యులేటర్ అలవాటైన పిల్లలకు ఆ జతలు కనపడవు, అది వాళ్ల తెలివి తక్కువై కాదు. మీ అబ్బాయికి ఎక్కాలు బలహీనంగా ఉంటే ముందు వారం రోజులు అవి చెప్పించండి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, పదో తరగతిలోనూ నా దగ్గర పిల్లలు పొద్దున్నే ఎక్కాలు ఒప్పజెబుతారు.

అసలు కష్టం య² ముందు ఒకటి కాకుండా వేరే సంఖ్య ఉన్నప్పుడు మొదలవుతుంది. 6య² + 11య − 10 = 0 చూడండి. ఇక్కడ మొదటి గుణకాన్ని, చివరి పదాన్ని గుణించమంటారు. 6 × −10 = −60. లబ్ధం −60, మొత్తం 11 ఉన్న సంఖ్యలు కావాలి. చెరొక గుర్తు కాబట్టి తేడా 11 రావాలి. 1, 60 తేడా 59. 2, 30 తేడా 28. 3, 20 తేడా 17. 4, 15 తేడా 11. పెద్దదానికి ప్లస్. అంటే +15, −4.

6య² + 15య − 4య − 10 = 0
3య(2య + 5) − 2(2య + 5) = 0
(3య − 2)(2య + 5) = 0

జవాబులు 2/3, −5/2.

రెండో లైన్ దగ్గర ఆగండి. ఈ పాఠంలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయే చోటు ఇదే. −4య − 10 లోంచి −2 బయటికి తీస్తే లోపల 2య + 5 మిగలాలి. పిల్లలు చాలామంది 2య − 5 అని రాస్తారు, ఎందుకంటే కంటికి ఎదురుగా −10 కనిపిస్తోంది. అప్పుడు రెండు బ్రాకెట్లూ ఒకటి కావు, లెక్క అక్కడే ఆగిపోతుంది, ‘నేను తీసుకున్న సంఖ్యలే తప్పేమో’ అనుకుని పైనుంచి మళ్లీ మొదలుపెడతారు. సంఖ్యలు తప్పు కాదు, గుర్తు తప్పు. బయటికి తీసిన దాన్ని మళ్లీ లోపలికి గుణించి చూసే అలవాటు చేయించండి: −2ను 5తో గుణిస్తే −10, సరిపోయింది. ఒక్క క్షణం పని.

+15, −4 అని రాయాలా, −4, +15 అని రాయాలా అని కూడా అడుగుతారు. ఎలా రాసినా ఒకటే. రెండో విధంగా రాస్తే 2య(3య − 2) + 5(3య − 2) అవుతుంది, చివరికి అవే బ్రాకెట్లు. వాడి చేతే రెండు విధాలుగా చేయించండి, నమ్మకం కుదురుతుంది.

‘6ను, 10ని ఎందుకు గుణించాలి?’ అని మీ అబ్బాయి అడిగితే, అది మంచి ప్రశ్న, ‘అదంతే’ అనేయకండి. జవాబు నుంచి వెనక్కి నడవండి. (3య − 2)(2య + 5) విప్పితే మధ్య పదం ఎక్కడినుంచి వచ్చింది? 3ను 5తో గుణిస్తే 15, −2ను 2తో గుణిస్తే −4. ఈ రెండూ కలిసే 11 అయింది. ఇప్పుడు 15ను, −4ను గుణించండి. అంటే 3, 5, −2, 2 అన్నీ గుణించినట్టు. మొదటి గుణకం 6 ఏమిటి? 3, 2 గుణిస్తే వచ్చింది. చివరి −10 ఏమిటి? −2, 5 గుణిస్తే వచ్చింది. అవే నాలుగు అంకెలు, జతలు మారాయంతే. అందుకే మధ్యలో విడగొట్టే రెండు సంఖ్యల లబ్ధం, రెండు చివర్ల లబ్ధానికి ఎప్పుడూ సమానం. ఈ ఒక్క పేరా అర్థమైతే వాడికి ఇక పద్ధతిని బట్టీ పట్టే పని ఉండదు.

సంఖ్యలు పెద్దవైనప్పుడు వరసగా వెతకడం విసుగే. దానికి వాడికి వచ్చిన ఫార్ములాయే సాయం చేస్తుంది. ఫార్ములాలో వర్గమూలం గుర్తు కింద వచ్చే సంఖ్యను విచక్షణి అంటారు. పై లెక్కలో అది 121 + 240 = 361, అంటే 19 వర్గం. ఆ 19 ఏమిటో చూడండి: 15, 4 కూడితే 19. తేడా 11 మనకు తెలుసు, మొత్తం 19 అని విచక్షణి చెప్పింది. 19, 11 కలిపి సగం చేస్తే 15, తీసేసి సగం చేస్తే 4. సంఖ్యలు వాటంతటవే బయటపడ్డాయి. చివరి పదం ధనం అయితే ఇదే తిరగబడుతుంది: మొత్తం మనకు తెలుసు, తేడాను విచక్షణి చెబుతుంది. విచక్షణి పూర్ణ వర్గం కాకపోతే పూర్ణ సంఖ్యలతో కారణాంకాలు రావు, అప్పుడు టైమ్ వృథా చేయకుండా ఫార్ములాకు వెళ్లిపోవాలి. య² + 3య + 1 = 0 అలాంటిది, విచక్షణి 5. ఫార్ములా ఒక దారి, కారణాంకాలు ఇంకో దారి అని పిల్లలు అనుకుంటారు గానీ, రెండూ లోపల ఒకటే.

మరి ఫార్ములా ఉండగా ఇదెందుకు అంటారా? ప్రశ్నలో కారణాంక పద్ధతి అని అడిగితే అదే చేయాలన్నది ఒక కారణం, అది చిన్నది. పెద్ద కారణం ఇంటర్లో ఎదురవుతుంది. అవధులు, అసమీకరణాలు, సమాకలనం, ఎక్కడికి వెళ్లినా సమాసాన్ని కారణాంకాలుగా చూడగలిగిన పిల్లాడికి సగం పని అయిపోయినట్టే.

రెండు చిన్న జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. 5య² − 35య + 60 = 0 లాంటిది వస్తే ముందు 5తో భాగించేయాలి, య² − 7య + 12 = 0 అవుతుంది, 3, 4 వెంటనే కనిపిస్తాయి. కానీ య² = 7య వచ్చినప్పుడు రెండువైపులా య కొట్టేస్తే య = 7 ఒక్కటే మిగులుతుంది. య సున్నా కూడా కావచ్చు కదా, దాన్ని మనమే పారేశాం. య(య − 7) = 0 అని రాస్తే రెండూ దక్కుతాయి. సంఖ్యతో భాగించొచ్చు, తెలియని రాశితో భాగించకూడదు. అలాగే య² − 49 = 0కు 7 ఒక్కటే రాసి ఊరుకోకుండా (య − 7)(య + 7) అని విడగొడితే −7 మరుగునపడదు.

ఇక పద సమస్యలు. ‘రుణ సంఖ్య వస్తే కొట్టేయాలి’ అని పిల్లలు ఒక సూత్రంలా పట్టుకుంటారు. కొట్టేయాలా వద్దా అన్నది లెక్క చెప్పదు, కథ చెబుతుంది. దీనికి భాస్కరాచార్యుడి బీజగణితంలోని రెండు కోతుల లెక్కల కంటే మంచి ఉదాహరణ నాకు ఇంతవరకూ దొరకలేదు. ఆ పుస్తకం 1150 నాటిది.

మొదటిది: కోతుల గుంపులో ఎనిమిదో వంతుకు వర్గమెంతో అన్ని కోతులు అడవిలో గంతులేస్తున్నాయి, మిగిలిన 12 కొండమీద ఉన్నాయి. మొత్తం ఎన్ని? గుంపు య అనుకుంటే, య²/64 + 12 = య. 64తో గుణించి ఒకవైపు తెస్తే య² − 64య + 768 = 0. 768ని వరసగా వెతకడం కష్టమే, విచక్షణి చూద్దాం: 4096 − 3072 = 1024, అది 32 వర్గం. మొత్తం 64, తేడా 32, కాబట్టి 48, 16. సరిచూడండి. 48లో ఎనిమిదో వంతు 6, వర్గం 36, దానికి 12 కలిపితే 48. 16లో ఎనిమిదో వంతు 2, వర్గం 4, 12 కలిపితే 16. రెండూ సరైనవే. ఈ లెక్కకు నిజంగానే రెండు జవాబులు.

రెండోది: గుంపులో అయిదో వంతు తీసుకుని, అందులో మూడు తగ్గించి, వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు గుహలోకి వెళ్లాయి. ఒక కోతి కొమ్మెక్కి కనిపిస్తోంది. ఇది య² − 55య + 250 = 0కు వస్తుంది. 50, 5. ఈ రెండింట్లోనూ రుణ సంఖ్య లేదు, గమనించండి. 50లో అయిదో వంతు 10, మూడు తీస్తే 7, వర్గం 49, కొమ్మమీది ఒకటి కలిపితే 50. బాగుంది. 5లో అయిదో వంతు 1. ఒకటిలోంచి మూడు కోతుల్ని ఎలా తీస్తాం? −2 వర్గం 4, ఒకటి కలిపితే 5 అని సమీకరణం ఒప్పుకుంటుంది గానీ, కథ ఒప్పుకోదు. భాస్కరాచార్యుడు కూడా సరిగ్గా ఇందుకే 5ను వద్దన్నాడు. ధన సంఖ్య అయినా కొట్టేయాల్సి వచ్చింది చూశారా. జవాబు రాగానే దాన్ని సమీకరణంలో కాదు, మొదట ఇచ్చిన కథలో పెట్టి చూడమనేది ఇందుకే.

ఇందాక వేరే దారి అన్నాను కదా. వీటిని ఆయన సాధించింది కారణాంకాలతో కాదు, వర్గం పూర్తి చేసి. ఆ పద్ధతిని ‘మధ్యమాహరణం’ అన్నారు, అంటే మధ్య పదాన్ని తొలగించడం. వాళ్లు మధ్య పదాన్ని తీసేశారు, మనం విడగొడుతున్నాం. ఎవరి పేచీ అయినా ఆ మధ్య పదంతోనే!

ఇంట్లో చెప్పేటప్పుడు ముందు తిరగేసి చేయించండి. మీరే రెండు బ్రాకెట్లు ఇచ్చి విప్పమనండి, రోజుకు ఐదు చాలు. నాలుగు రోజులు విప్పాక అయిదో రోజు విప్పినవి ఇచ్చి మళ్లీ మూయమనండి. తాను విప్పిన దాన్నే మూస్తున్నాడు కాబట్టి టెన్షన్ ఉండదు. పక్కన చిత్తు కాగితం మీద జతల వరస రాయడం తప్పనిసరి చేయండి, నోటితో లెక్క వేసుకోనివ్వకండి, కనీసం ఒక నెల.

ఆ తర్వాత ఈ రెండూ ఇవ్వండి: 2య² + య − 15 = 0, 12య² − 25య + 12 = 0. మొదటిదానికి 5/2, −3 రావాలి. రెండోదానికి 4/3, 3/4. రెండోదాంట్లో 144ను విడగొట్టాలి, మొత్తాలు 145 దగ్గర మొదలై 74, 51, 40 ఇలా దిగుతూ ఏడో జత దగ్గర 25కు వస్తాయి. అక్కడిదాకా ఓపిగ్గా రాశాడో లేదో చూడండి. ఎక్కడైనా ఆగిపోతే, ఆ చిత్తు కాగితంతో సహా ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.